పోలింగ్ వారంలోనే తుపానొస్తే: ఊరి ఓట్లు పోకుండా చూసుకోవడం ఎలా

మా లంకలో గట్టి శ్లాబున్న పెద్ద కట్టడం ఒక్కటే, బడి. గోదావరి పొంగితే పిల్లాజెల్లాతో, గొడ్డూగోదాతో జనం చేరేది అక్కడికే. ఎన్నికలొస్తే ఓట్లు వేసేదీ ఆ గదుల్లోనే. రెండూ ఒకే వారంలో వచ్చిపడితే ఎలాగని ఓసారి గ్రామసభలో అడిగాను. "అప్పుడింక ఎన్నికలేంటి మాస్టారూ, వాయిదా వేసేస్తారు కదా" అని అందరూ తేలిగ్గా నవ్వేశారు.

ఆ ధీమాతోనే ఓట్లు పోతాయి. గాలి లేచిందనో, నీళ్ళొచ్చాయనో పోలింగ్ దానంతటదే ఆగదు. ఆగిందని చెప్పే అధికారం ఉన్నవాళ్ళు చెప్పాలి. వాళ్ళు చెప్పేదాకా బల్ల మీద మెషిను ఉన్నట్టే, మీరు రాకపోతే మీ ఓటు పడనట్టే.

ఇది లేనిపోని భయం కాదు. 1990లో మే 9న పెనుతుపాను కృష్ణా జిల్లా తీరం మీద విరుచుకుపడింది. 2010లో మే 20న లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది. మరి మన ఎన్నికలెప్పుడు? 2014లో మే 7న, 2024లో మే 13న. 2019లో ఏప్రిల్ 11న ఓట్లేసి ఇంటికొచ్చాం, మే 3న ఫణి పూరీ దగ్గర తీరం దాటింది. మనకు మూడు వారాల తేడాలో తప్పింది గానీ ఒడిశాలోని పట్కురాకు తప్పలేదు. అభ్యర్థి చనిపోవడంతో అక్కడ పోలింగ్ మే 19కి మారింది, ఫణి వచ్చి దాన్ని జులై 20కి నెట్టింది. 2023లో తెలంగాణ నవంబర్ 30న ఓటేసింది, సరిగ్గా అయిదో రోజుకు మిచాంగ్ బాపట్ల దగ్గర తీరానికి తగిలింది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎన్నికల డ్యూటీలు చేసినవాణ్ణి. బల్లకు అటువైపు కూర్చుని చూసిందీ, ఇటువైపు ఊరివాడిగా చూసిందీ కలిపి రాస్తున్నాను. వార్డు మెంబర్లకు, డ్వాక్రా లీడర్లకు, ఊళ్ళో నలుగురినీ కూడగట్టగల కుర్రాళ్ళకు ఇది పనికొస్తుంది.

ముందు ఒక నోటుబుక్కు

నోటిఫికేషన్ రాకముందే, ఇంకా రెండు మూడు నెలలుందనగా మొదలెట్టండి. మీ పోలింగ్ కేంద్రం ఓటర్ల జాబితాను బీఎల్వో (బూత్ స్థాయి అధికారి) దగ్గర చూడొచ్చు, రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో దింపుకోనూవచ్చు. దాన్ని వీధుల వారీగా విడగొట్టి నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీయండి: ఇల్లు, ఓట్లెన్ని, నీళ్ళొస్తే ఎక్కడికెళతారు, ఫోను నంబరు.

మూడో గడే అసలైనది. ఒక వరస ఇలా ఉంటుంది: "రేవు వీధి, చివరి ఇల్లు. 4 ఓట్లు. ముసలమ్మ మంచంలో ఉంది. నీళ్ళొస్తే పి.గన్నవరంలో కూతురింటికి." ఈ ఒక్క వరసతో మీకు ఎన్ని తెలిశాయో చూడండి. ఆ ఇంటికి పడవ ముందు పంపాలి. ముసలమ్మకు ఇంటి దగ్గరే ఓటు అడగాలి. మిగిలిన ముగ్గురూ పి.గన్నవరం నుంచి వెనక్కి రావాలంటే దారేదో చూడాలి.

ఎవరు ఏ పార్టీ అన్న గడి మాత్రం గీయకండి. ఆ ఒక్క గడి గీశారో, ఊళ్ళో సగం మంది మీకు ఫోను నంబరు కూడా ఇవ్వరు. నోటుబుక్కు కూడా ఏ పార్టీ ఏజెంటు చేతిలోనూ పెట్టకండి.

ఏ ఇల్లు ముందు మునుగుతుందో ఊళ్ళో పెద్దవాళ్ళకు తెలుసు. వాళ్ళ లెక్కను అధికారుల లెక్కతో జత చేయండి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కి, మూడోది 17.75కి. భద్రాచలంలో అవే 43, 48, 53 అడుగులు. "రెండో హెచ్చరిక దాటితే మా కాజ్‌వే మునుగుతుంది" అని రాసుకుంటే అది కలెక్టరాఫీసులోనూ అర్థమయ్యే భాష. "బాగా నీళ్ళొస్తాయి సార్" అంటే ఎవరూ రాసుకోరు.

కాగితాలు: నీళ్ళకు ముందే

చేతిలో ఓటరు కార్డున్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు. జాబితాలో పేరుండి కార్డు పోతే మాత్రం దారుంది. కాబట్టి ముందు పేరు చూసుకోండి. 1950కి ఫోను చేసినా, ఎన్నికల సంఘం యాప్‌లో చూసినా తెలుస్తుంది. పేరు లేకపోతే ఫారం 6. నామినేషన్ల ఆఖరి తేదీ దాటాక జాబితాలో కొత్త పేరు ఎక్కదు. ఆ గడువుకు కనీసం పది రోజుల ముందే ఇచ్చేయండి, బీఎల్వో విచారణకు ఆ మాత్రం టైం పడుతుంది.

ఓటరు కార్డు లేకపోయినా, గత లోక్‌సభ ఎన్నికల్లో దానికి బదులు 12 రకాల గుర్తింపులను అనుమతించారు. మన ఊళ్ళల్లో పనికొచ్చేవి ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫోటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్కు, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, ఫోటో ఉన్న పెన్షన్ కాగితం, వికలాంగుల యూడీఐడీ కార్డు. బీఎల్వో ఇచ్చే ఓటరు స్లిప్పు మాత్రం గుర్తింపు కాదు. మీ పేరు జాబితాలో ఏ వరసలో ఉందో చెప్పే చీటీ అది, అంతే.

ఓసారి నా బూత్‌లోకి వానలో తడిసి ముద్దయి ఓ పెద్దావిడ వచ్చింది. కొంగుముడి విప్పి స్లిప్పు తీస్తే, అది సేమియా ముద్దలా చేతికి అంటుకుంది. "నా ఓటు పోయినట్టేనా బాబూ" అని బల్ల పట్టుకుని నిలబడిపోయింది. పోలేదు. ఇంటిపేరు అడిగి జాబితాలో వెతికి పట్టుకున్నాం. ప్లాస్టిక్ కవర్లో చుట్టి రవికలో పెట్టుకున్న పాస్‌బుక్కు చూపించింది. ఆ కవరే ఆవిడ ఓటును కాపాడింది.

అందుకే చెబుతున్నాను, ఇంటికొక జిప్పు కవరు. అందులో అందరి ఓటరు కార్డులు, ఆధార్లు, ఒక పాస్‌బుక్కు. తుపాను షెల్టరుకు బయల్దేరేటప్పుడు మందుల సంచితో పాటు అదీ చేతికి రావాలి. ఇదిగాక ఈ-ఎపిక్‌ను, అంటే ఓటరు కార్డు డిజిటల్ ప్రతిని, ఓటర్ల సేవా పోర్టల్ నుంచి దింపుకుని ఒక ప్రింటు తీయించి బంధువుల ఇంట్లో ఉంచండి. ఫోన్లో ఉందిగా అనుకోకండి. బూత్‌లోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు, తుపాను మర్నాడు చార్జింగూ ఉండదు.

నిరుటి వరదల్లో కార్డు కొట్టుకుపోయినవాళ్ళుంటే ఇప్పుడే ఫారం 8 ఇప్పించండి. మారుకార్డు ఎందుకు కావాలో రాసేచోట వరద, అగ్నిప్రమాదం వంటి కారణాలతో పోయిందన్న గడి ఆ ఫారంలోనే ఉంది. అది టిక్ చేస్తే చాలు.

బడి సంగతి తేల్చుకోండి

అన్నిటికన్నా ఎక్కువ పని ఇక్కడే. ఎవరూ పట్టించుకోనిదీ ఇదే.

పోలింగ్ కేంద్రాన్ని మీ సర్పంచో, తహసీల్దారో తనంతట తాను మార్చలేరు. కేంద్రాల జాబితా ఖరారయ్యాక మార్పుకు ఎన్నికల సంఘం అనుమతి కావాలి. ప్రతిపాదన రిటర్నింగ్ అధికారి (నియోజకవర్గంలో ఎన్నిక నడిపే అధికారి) నుంచి జిల్లా ఎన్నికల అధికారికి (అంటే కలెక్టరుకే), అక్కణ్ణించి హైదరాబాదుకో అమరావతికో, ఆపైన ఢిల్లీకి వెళుతుంది. తుపాను హెచ్చరిక వచ్చాక ఈ మెట్లన్నీ ఎక్కే టైం ఉండదు. అందుకే పోలింగ్ కేంద్రాల ముసాయిదా జాబితా పెట్టి అభ్యంతరాలు అడిగినప్పుడే నోరు విప్పాలి. ఆ గడువు దాటిపోయినా ఊరుకోకండి, రాసి ఇవ్వండి. అర్జీ ఇంతకన్నా పెద్దది అక్కర్లేదు:

"మా గ్రామంలో ఫలానా నంబరు పోలింగ్ కేంద్రం ఉన్న బడే వరద పునరావాస కేంద్రం కూడా. ధవళేశ్వరం వద్ద రెండో ప్రమాద హెచ్చరిక దాటితే బడికి వచ్చే దారి మునుగుతుంది. పోలింగ్ సమయంలో వరద గానీ తుపాను గానీ వస్తే పునరావాసానికి, పోలింగుకు వేర్వేరు గదులు కేటాయించాలని, లేదా ఫలానా కట్టడాన్ని ప్రత్యామ్నాయంగా ఇప్పుడే పరిశీలించి ఉంచాలని కోరుతున్నాం. కేంద్రం మారితే దండోరా వేయించి, బీఎల్వో ద్వారా ఇంటింటికీ తెలియజేయాలి."

కింద వీలైనన్ని సంతకాలు. అన్ని పార్టీలవాళ్ళవీ ఉంటే ఇంకా మంచిది. ఒక ప్రతి తహసీల్దారుకు, ఒకటి రిటర్నింగ్ అధికారికి, ఒకటి కలెక్టరుకు. మీ దగ్గరుండే నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. సోమవారం గ్రీవెన్సులో ఇద్దామనుకుంటే ఎన్నికల కోడ్ రాకముందే వెళ్ళండి, కోడ్ వచ్చాక ఆ కార్యక్రమాలు ఆపేస్తారు.

బడి ఒక్కటే గతి అయితే? కింది గదులు పోలింగుకు వదిలేసి జనం మేడ మీదికి వెళ్ళాలి, లేదా బడిలో ఒక కొస వాళ్ళకు, ఒక కొస వీళ్ళకు. రెండింటికీ దారులు వేరుగా ఉండాలి. పోలింగ్ రోజు బూత్‌కు వంద మీటర్ల లోపు ప్రచారం నేరం. మీ పునరావాస శిబిరం ఆ వంద మీటర్ల లోపలే ఉందన్నమాట! ఆ పూట కండువా వేసుకొచ్చి పులిహోర పొట్లాలు పంచే నాయకుణ్ణి గేటు బయటే ఆపాలి. ఆపాల్సింది పోలీసులే, కానీ ముందే వాళ్ళకు గుర్తుచేయాల్సింది మీరు.

ఇలా అడిగితే ఇస్తారా అని అనుమానపడేవాళ్ళకు వయనాడు చూపించండి. 2024 జులై 30న కొండచరియలు విరిగిపడి చూరల్‌మల, ముండక్కై ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. బతికినవాళ్ళు అద్దె ఇళ్ళకు చెదిరిపోయారు. నవంబర్ 13న లోక్‌సభ ఉపఎన్నిక వచ్చింది. వాళ్ళ కోసం పోలింగ్ కేంద్రాలను వేరేచోట ఏర్పాటు చేసి, చెదిరిన జనాన్ని తీసుకురావడానికి ఉచితంగా బస్సులు నడిపారు. మణిపూర్‌లో కారణం వేరు, అల్లర్లు. అయినా 2024లో అక్కడ సహాయ శిబిరాల్లో ఉన్నవాళ్ళ కోసం 94 ప్రత్యేక పోలింగ్ కేంద్రాలు పెట్టారు. పద్ధతి ఉంది, జరిగిందీ ఉంది. అడగడమే తరువాయి.

మంచంలో ఉన్నవాళ్ళకు

85 ఏళ్ళు దాటినవాళ్ళు, 40 శాతం గానీ అంతకు మించి గానీ వైకల్యం ఉన్నవాళ్ళు ఫారం 12డి ఇస్తే సిబ్బంది ఇంటికే వచ్చి ఓటు వేయించుకుంటారు. నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోపే ఇవ్వాలి. బీఎల్వోలు ఇల్లిల్లూ తిరుగుతారు గానీ ఒకరిద్దరు జారిపోతుంటారు, మీ నోటుబుక్కుతో సరిచూడండి.

ఇందులో ఒక మెలిక ఉంది. 12డి ఒప్పుకున్నాక ఆ మనిషికి బూత్‌లో ఓటుండదు. సిబ్బంది వచ్చినప్పుడు ఇంట్లో లేకపోతే రెండోసారి ఒక్కసారే వస్తారు, అప్పుడూ లేకపోతే అంతే సంగతులు. తుపాను భయంతో ముసలాయన్ని ముందే ఊరు దాటిస్తే ఇంటికొచ్చే ఓటు, బూత్ ఓటు రెండూ పోతాయి. కాబట్టి సిబ్బంది వచ్చే తేదీ బీఎల్వోను అడిగి తెలుసుకుని, ఆ ఓటు అయ్యాకే తరలించండి. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఓటు మాట ఎత్తకండి. ముందు మనిషి.

అంబులెన్సు, కరెంటు, అగ్నిమాపక శాఖ వంటి అత్యవసర సేవల్లో ఉన్నవాళ్ళకు కూడా 12డి మీదే పోస్టల్ బ్యాలెట్ ఉంది. తుపానొస్తే స్తంభాలెక్కే మీ ఊరి లైన్‌మన్ పోలింగ్ రోజు ఎక్కడుంటాడో ఆయనకే తెలీదు. ఆయన ఓటు సంగతి ఆయనతో ఎవరూ మాట్లాడరు. మీరు మాట్లాడండి.

హెచ్చరిక వచ్చిన 72 గంటలు

వాతావరణ శాఖ తుపాను గురించి నాలుగు దశల్లో చెబుతుంది. 72 గంటల ముందు తొలి కబురు, 48 గంటలకు అలర్ట్, 24 గంటలకు హెచ్చరిక, తీరం దాటేందుకు 12 గంటల ముందు దాటాక ఏమవుతుందన్న అంచనా. పోలింగ్ తేదీని ఈ గంటల పక్కన పెట్టుకోండి.

మొదటి కబురు రాగానే బీఎల్వోకు, సెక్టార్ అధికారికి (కొన్ని బూత్‌లను కలిపి చూసుకునే అధికారి) ఫోను చేసి మూడే ప్రశ్నలు అడగండి. మా కేంద్రం మారిందా? పోలింగ్ సిబ్బంది ఏ దారిన వస్తున్నారు? మాకు పడవ గానీ ట్రాక్టరు గానీ పెట్టారా? రెండో ప్రశ్న చాలామందికి తట్టదు. సిబ్బంది పోలింగ్ ముందురోజు సామగ్రి తీసుకుని సాయంత్రానికి ఊరు చేరాలి. వాళ్ళ బస్సు కాలవ గట్టు మీద దిగబడిపోతే మీ ఊళ్ళో ఓటే లేదు. ఏ దారి ఇంకా తేలి ఉందో, ఏ రేవులో పడవ ఆగుతుందో మీకన్నా ఎవరికి తెలుసు? చెప్పండి. వాళ్ళొచ్చాక పొడి గది, వేడి అన్నం ఏర్పాటుకు పంచాయతీని కదిలించండి. తడిబట్టలతో రాత్రంతా జాగారం చేసినవాడు పొద్దున్నే మీ బోటన్‌వేలు, చూపుడువేలు తేడా చూసే స్థితిలో ఉండడు.

48 గంటల దశలో తరలింపు మొదలవుతుంది. ఎవరు ఏ శిబిరానికి వెళ్ళారో ఆ నోటుబుక్కులోనే మూడో గడి పక్కన పెన్సిల్‌తో రాసుకోండి. వేరే మండలంలోని శిబిరానికి తీసుకెళితే, పోలింగ్ నాడు వెనక్కి తెచ్చే ఏర్పాటేమిటో అప్పుడే, బస్సెక్కకముందే రెవెన్యూవాళ్ళను అడగండి. పోలింగ్ ఉంది కదా అని తరలింపుకు మొండికేయవద్దు. 1977లో దివిసీమను ఉప్పెన ముంచెత్తిన సంగతి తెలిసినవాళ్ళెవరూ అలా అనరు.

"కోడ్ అమల్లో ఉంది, సాయం చేయలేం" అనే మాట వినిపిస్తే నమ్మకండి. కొత్త పథకాలు ప్రకటించడానికి కోడ్ అడ్డు గానీ, మునిగినవాళ్ళకు బియ్యం, టార్పాలిన్ ఇవ్వడానికి కాదు. 2019 మేలో ఫణి సమయంలో ఉభయగోదావరుల్లో తూర్పుతో పాటు విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో సహాయ పనుల కోసం ఎన్నికల సంఘం కోడ్ సడలించింది కూడా. ఆ సాయం అధికారుల చేతుల మీదుగా రావాలి, అంతే. గుర్తు ముద్ర వేసిన బియ్యం మూట వస్తే సీ-విజిల్‌లో (ఎన్నికల సంఘానికి ఫోన్లో ఫిర్యాదు చేసే ఏర్పాటు) ఫోటో పెట్టండి. వంద నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది దాని నియమం.

ఇక వాట్సాప్. "రేపటి పోలింగ్ వాయిదా" అన్న మెసేజ్ ఎక్కణ్ణించో తప్పకుండా వస్తుంది. కలెక్టరు ప్రకటన గానీ, రిటర్నింగ్ అధికారి ఉత్తర్వు గానీ లేకుండా దాన్ని ఒక్కరికి కూడా పంపకండి. ఊళ్ళో ఒకే మనిషిని కబురు కోసం పెట్టుకోండి. ఆ మనిషి 1950కి గానీ తహసీల్దారాఫీసుకు గానీ ఫోను చేసి, విన్నదాన్ని గుడి మైకులోనో మసీదు మైకులోనో చర్చి మైకులోనో చెప్పాలి. తుపాను కబుర్లకు ఆంధ్రప్రదేశ్ విపత్తుల సంస్థ నంబర్లు 112, 1070.

పడవ ఎవరిది?

ఓటర్లను బూత్‌కు చేర్చడానికి అభ్యర్థి గానీ, ఆయన తరఫువాళ్ళు గానీ బండి పెడితే అది అవినీతికర చర్య. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(5)లో బండితో పాటు పడవ మాట కూడా ఉంది. వరదలో "పాపం, మా నాయకుడు పడవ పంపాడు" అని ఎక్కితే ఆ ఎన్నికే కోర్టుకు ఎక్కవచ్చు.

ఆ సెక్షన్‌లోనే ఓ ముచ్చటైన మినహాయింపుంది. ఓటర్లు తమలో తాము చందాలేసుకుని మోటారు లేని పడవో బండో కిరాయికి మాట్లాడుకుంటే తప్పు కాదు. అంటే గెడేసి నడిపే నాటుపడవకు చట్టంలోనే చోటుంది! ఇంజను పడవ కావాలంటే మాత్రం అధికారులనే అడగండి. సొంత ఖర్చుతో ఆర్టీసీ బస్సో, ప్రభుత్వ పంటో (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కడానికి ఏ ఇబ్బందీ లేదు. ఏ పడవైనా లైఫ్ జాకెట్లు లేకుండా, లెక్కకు మించి ఎక్కకండి. గోదావరిలో పడవ ప్రమాదాల గురించి మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఓటు రోజు

పొద్దున్నే వెళ్ళండి. మధ్యాహ్నానికి గాలి మారిందంటే మళ్ళీ తెరిపి ఎప్పుడో తెలీదు. రేవు వీధి ముందు, మెరక వీధి తరవాత అని మీలో మీరు వంతులు వేసుకుంటే నీళ్ళు ముందు కమ్మే ఇళ్ళవాళ్ళు ముందే తిరిగిపోవచ్చు. చెయ్యి తుడుచుకోవడానికి పొడి తువ్వాలు తెచ్చుకోండి. తడి వేలికి సిరా సరిగ్గా పట్టదు, ఆరేదాకా నిలబెడతారు, వెనక వరస పెరుగుతుంది.

కరెంటు పోతే ఓటింగ్ ఆగదు. ఈవీఎం బ్యాటరీ మీద నడుస్తుంది, ఓటు ఎవరికి పడిందో చీటీలో చూపే వీవీప్యాట్ కూడా అంతే. గదిలో వెలుతురు లేకపోతే బ్యాటరీ లైట్లు ఇచ్చి సాయపడండి. సాయంత్రం గడువు వేళకు వరసలో ఉన్న ప్రతి ఒక్కరికీ చీటీలిచ్చి, ఎంత రాత్రయినా ఓటు వేయించాలి. చీటీలు వెనక నుంచి ముందుకు ఇస్తారు, మధ్యలో కొత్తవాళ్ళు దూరకుండా.

నీళ్ళు గదిలోకే వచ్చాయనుకోండి. ఇక్కడ రెండు సెక్షన్ల తేడా తెలిసుండాలి. 1951 చట్టం 57వ సెక్షన్ కింద ప్రకృతి వైపరీత్యం వల్ల పోలింగ్ కుదరకపోతే ప్రిసైడింగ్ అధికారే (బూత్ సిబ్బందికి పెద్ద) వాయిదా ప్రకటించవచ్చు. మళ్ళీ జరిగే తేదీ, చోటు, వేళలు ఎన్నికల సంఘం అనుమతితో రిటర్నింగ్ అధికారి ప్రకటిస్తారు. ఆగినచోట నుంచే మొదలవుతుంది, అప్పటికి ఓటేసినవాళ్ళు మళ్ళీ వేయరు. ఆ వాయిదా పోలింగ్ ముగిసేదాకా ఆ ఎన్నిక ఓట్లు లెక్కించకూడదని కూడా అదే సెక్షన్ అంటుంది. అంటే మీ లంక బూత్ తేలేదాకా నియోజకవర్గం మొత్తం ఆగాలి. "మీ నాలుగొందల ఓట్లతో ఏముందిలే" అనేవాళ్ళకు ఈ మాట చెప్పండి.

58వ సెక్షన్ వేరు. మెషిను పోయినా, నీళ్ళలో పాడై ఫలితం తేల్చలేకపోయినా ఆ బూత్ పోలింగును రద్దుచేసి మళ్ళీ పెడతారు. అప్పుడు అందరూ వేయాలి, ముందు వేసినవాళ్ళతో సహా. సిరా ఎడమచేతి చూపుడువేలి మీద ఉంటుంది కనుక ఈసారి మధ్యవేలికి పెడతారు. "నేను ఒకసారి వేసేశాగా" అని రీపోలింగ్ నాడు ఇంట్లో కూర్చున్నవాళ్ళను చూశాను. ఆ మొదటి ఓటు లెక్కలో లేదు.

పోలింగ్ ఆగితే మీరు చేయాల్సింది ఒకటే. ఎన్ని గంటలకు ఆగింది, అప్పటికి వరసలో ఎందరున్నారు, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి అన్నది నోటుబుక్కులో రాసి, పదిమంది సంతకాలు పెట్టండి. ప్రిసైడింగ్ అధికారి తన డైరీలో రాస్తారు. మీదీ ఉంటే తరవాత మాటకు మాట తేడా రాదు. ఓ అరగంట జడివాన కురిసిందని వాయిదా అడిగి వాళ్ళతో గొడవపడకండి. నా డ్యూటీల్లో అలాంటి గొడవలకే ఎక్కువ టైం పోయేది.

పంచాయతీ, పరిషత్ ఎన్నికలైతే ఇదంతా రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటుంది. ఢిల్లీ కాదు, 1950 కాదు. ఎంపీడీవోను, కలెక్టరును అడగండి. నోటుబుక్కు మాత్రం అదే పనికొస్తుంది.

నీళ్ళు తీశాక

శిబిరంలోనో, చుట్టాలింట్లోనో ఉన్నంత మాత్రాన మీ ఊరి ఓటు పోదు. తాత్కాలికంగా ఇల్లు విడిచినవాళ్ళు అక్కడి నివాసులే అని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. కాబట్టి కంగారుపడి శిబిరం చిరునామాకు ఓటు మార్పించుకోకండి. ఇల్లు ఖాళీగా ఉందని ఎవరో ఫారం 7 పెట్టి మీ పేరు తీయించబోతే, తీసేముందు మీకు నోటీసు రావాలి. నోటీసు పాత ఇంటికే వస్తుంది గనక, ఊళ్ళో మిగిలినవాళ్ళు ఆ తలుపుల మీద ఓ కన్నేసి ఉంచాలి.

శాశ్వతంగా వెళ్ళిపోయినవాళ్ళ దారి వేరు. పోలవరం ముంపు మండలాల నుంచి పునరావాస కాలనీలకు మారినవాళ్ళలాగా తిరిగి రాని వలసైతే, ఫారం 8లో నివాసం మార్పు గడి టిక్ చేసి కొత్త చిరునామాకు మార్పించుకోండి. ఇల్లు మారకుండా కార్డు మాత్రమే తడిసి పాడైనవాళ్ళు మారుకార్డు అడగండి. ఆ గడీ అదే ఫారంలో ఉందని పైన చెప్పానుగా.